కూర్చునే చోటు

"నిన్న సాయంత్రం పార్కులో కూర్చున్నావట?" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆమె కూతురికి జడ అల్లుతోంది. "అవును" అంది.

"ఎవరితో?"

"ఎవరితో ఏంటి? ఒక్కదాన్నే."

"ఒక్కదానివే ఎందుకు కూర్చున్నావ్?"

ఆమె జడ చివర రబ్బరు బ్యాండు వేసి, కూతురి వీపు తట్టి బడికి పంపించింది. ఎవరితోనైనా కూర్చుంటే అదొక తప్పు, ఒక్కతే కూర్చుంటే ఇంకో తప్పు. మరి ఏం చెప్తే ఈ మనిషికి సమాధానం దొరుకుతుందో అని వెతికితే, అసలు కూర్చోలేదండీ అనడం ఒక్కటే కనిపించింది. కానీ కూర్చుంది కదా. కాళ్ళు లాగేసి, ఇంటి దాకా నడవలేక కూర్చుంది. పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ మలుపులో ఇస్త్రీ కొట్టాయన చూసి, రాత్రికి రాత్రి మొగుడికి చేరవేశాడన్నమాట.

"నలుగురూ తిరిగే చోటు. ఇంటికొచ్చి కూర్చోవచ్చుగా" అని అతను చెప్పులు వేసుకున్నాడు.

ఇంటికొచ్చి కూర్చోవడం. ఆ మాట ఆమెను దుకాణం దాకా వెంటాడింది. వాళ్ళింట్లో మనుషులు నలుగురు, కుర్చీలు మూడు. పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో ఈ సంగతి ఎవరికీ లోటుగా తోచలేదు. భర్తకొకటి, అత్తగారికొకటి, పిల్లకొకటి. ఆమె వంటగట్టుకి ఆనుకుని, పొయ్యి మీద ఒక కన్నేసి, నిలబడే తింటుంది. కొత్తలో అత్తగారు "నువ్వూ కూర్చో" అనలేదు, తర్వాత ఎవరికీ అనాలని గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ గుర్తు రాలేదు. దుకాణంలోనూ అంతే. కర్టెన్ గుడ్డలు, దుప్పట్లు అమ్మే కౌంటరు ఆమెది. కౌంటరుకి అవతల కొనేవాళ్ళకి మెత్తటి స్టూళ్ళు నాలుగు. ఇవతల అమ్మేవాళ్ళకి నేల. బేరం లేని మధ్యాహ్నం వేళ కూడా కూర్చోకూడదు. "కస్టమరు లోపలికి రాగానే మీరు కూర్చుని కనిపిస్తే దుకాణం నిద్రపోతున్నట్టుంటుందమ్మా" అంటాడు మేనేజరు, కుర్చీలోంచి. రోజుకి పది గంటలు. ఆమె పిక్కల మీద నీలం నరాలు తాళ్ళలా ఉబ్బాయి. డాక్టరు దగ్గరికి వెళ్తే, ఎక్కువసేపు నిలబడకండి అని చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీ ఎవరికి చూపించాలో ఆమెకి తెలియలేదు.

పార్కు అని పేరే గానీ, అప్పటికి అది పార్కులా లేదు. ఇనుప గేటుకి ఒక రెక్కే మిగిలింది, రెండోది ఎవరో పాత ఇనుముకి అమ్ముకున్నారు. జారుడుబల్ల రేకు చిరిగి కత్తిలా నిలబడింది. ఉయ్యాల స్తంభాలున్నాయి, ఉయ్యాలలు లేవు. ఎవరిల్లు పడగొట్టినా ఆ మట్టీ ఇటుకలూ అక్కడే పోశారు. మూలన ఒక చచ్చిన పరుపు, దాని చుట్టూ తాగిపడేసిన సీసాలు. నాలుగు సిమెంటు బెంచీల్లో ఒక్కటే నిలకడగా ఉంది. ఆ బెంచీ మీద కూర్చున్న పది నిమిషాల్లో ఆమెకు జరిగిందల్లా ఒక్కటే. ఎవరూ ఆమెను ఏమీ తెమ్మనలేదు. అది ఎంత పెద్ద సంగతో కూర్చున్నప్పుడు తెలియలేదు. "ఒక్కదానివే ఎందుకు కూర్చున్నావ్" అని అడిగాక తెలిసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు తోమేశాక, పాత గోనెసంచీ, చీపురూ పట్టుకుని పార్కుకి వెళ్ళింది. బెంచీ చుట్టూ నాలుగడుగుల మేర ఊడ్చి, సీసాలు ఏరింది. చీపురు చేతిలో ఉన్న ఆడదాన్ని ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. ఇస్త్రీ కొట్టాయన కూడా చూసి ఊరుకున్నాడు. ఊడవడం అయిపోయాక ఆమె దర్జాగా బెంచీ మీద కూర్చుంది.

రెండో ఆదివారం ఆస్పత్రిలో పనిచేసే ఆయా ఆగింది. పక్క వీధిలో ఉంటుంది, గొంతు పెద్దది. "ఏం చేస్తున్నావే ఇక్కడ?"

"కూర్చోవడానికి చోటు చేసుకుంటున్నా."

ఆయా ఒక్క క్షణం ఆలోచించి, చేతిసంచీ బెంచీ మీద పెట్టింది. "సూదులుంటాయి జాగ్రత్త. చేత్తో ముట్టకు. వచ్చేవారం నేను పట్టకారు తెస్తా." మూడోవారం ఆయాతో పాటు, వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న టైలరక్క వచ్చింది. నడుం నొప్పితో ఆవిడ ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు, ఇంకో ముగ్గురు. రెండు నెలలు తిరిగేసరికి పదకొండుమంది ఆడవాళ్ళు. ముళ్ళపొదలు కొట్టారు. పరుపుని నలుగురు పట్టి ఈడ్చారు. జారుడుబల్ల రేకు అంచుని టైలరక్క తమ్ముడి దగ్గర సుత్తి తెచ్చి మడతపెట్టారు. ఆమె మొదట తన భర్తనే అడిగింది. అతను పంపులు, మోటార్లు బాగుచేసే మెకానిక్కు. ఇంటినిండా పనిముట్లే. సుత్తి అడిగితే "అది పోతే నా పని ఆగిపోద్ది" అన్నాడు. పార్కు పని నడిచిన ఐదు నెలల్లో అతను అక్కడికి ఒక్కసారే వచ్చాడు, గోళ్ళ కత్తెర ఎక్కడ పెట్టావని అడగడానికి.

మట్టికుప్పలు మాత్రం ఆడవాళ్ళ చేతుల్తో కదిలేవి కావు. మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి దరఖాస్తు పెట్టాలి. ఎవరు వెళ్తారంటే అందరూ ఆమెకేసి చూశారు. ఆమె చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ట్రాక్టరు, రెండో గేటు, ఒక దీపం, రెండు ఉయ్యాలలు కావాలని రాసి, కింద తన పేరూ సంతకమూ పెట్టింది. పార్కుల సెక్షన్‌లో గుమాస్తా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇంటాయన్ని పంపకపోయారా అమ్మా?"

"ఆయనకి పార్కుతో పనిలేదండి."

"అది కాదు, మాట్లాడ్డానికి కాస్త బాగుంటుందని."

నాలుగుసార్లు తిరిగింది. భోజనం వేళ దుకాణం నుంచి పరుగెత్తి, తినకుండా, బస్సులో వేలాడి వెళ్తే, సారు మీటింగులో ఉన్నారు, సారు సెలవులో ఉన్నారు, సారు ఇప్పుడే బయటికెళ్ళారు. ఆలస్యమైన రోజున మేనేజరు అందరి ముందూ "ఇల్లు చక్కబెట్టుకుని రావడం అలవాటైంది మేడంగారికి" అన్నాడు. ఐదోసారి పదకొండుమందీ కలిసి వెళ్ళి సెక్షన్ ముందు వరండాలో నేల మీద కూర్చున్నారు. టైలరక్క చేతిపని కూడా తెచ్చుకుంది, ఎవరిదో లంగాకి అంచు కుడుతూ. సాయంత్రం నాలుగింటికి సారు దొరికారు. మరుసటి వారం ట్రాక్టరు వచ్చింది. ఆపైన గేటు, తర్వాత దీపం, ఆఖరున ఉయ్యాలలు.

ఆ తర్వాతి నెలన్నర ఆమె జీవితంలో చెప్పుకోదగ్గది. ఏడింటికి బస్సు దిగి, నేరుగా పార్కుకి నడిచి, ఎనిమిది దాకా కూర్చునేది. కూతురు ఉయ్యాల ఊగేది. ఆయా చెప్పులు విప్పి కాళ్ళు చాపుకునేది. ఒకరోజు అత్తగారు కర్ర పట్టుకుని వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా గడప దాటని మనిషి. "ఇక్కడేముందని అందరూ ఎగబడుతున్నారో చూద్దామని వచ్చా" అని, కూర్చుని, ఎనిమిదైనా లేవలేదు. పెద్దగా మాట్లాడుకునేది కూడా ఉండేది కాదు. ఒక్కోసారి ఆమె ఊరికే తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసేది. పనిలేకుండా ఉన్న తన చేతుల్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు. గోళ్ళ కింద గీతలు, బొటనవేలు మీద పాత కాలిన మచ్చ. ఇవి నావే అనుకునేది, అన్నాళ్ళూ ఎవరివో అప్పుగా తెచ్చి వాడినట్టు.

దీపం వెలిగిన నెలకి వీధిలో మగవాళ్ళు పార్కుని "మన పార్కు" అనడం మొదలుపెట్టారు. అంతకుముందు దాని పేరు "మీ చెత్త". ఇంకో వారానికి కమిటీ పుట్టింది. రిటైరైన మేష్టారు అధ్యక్షుడు, ఆమె భర్త కార్యదర్శి, మందుల షాపాయన, ఇస్త్రీ కొట్టాయన, ఇంకొకాయన సభ్యులు. మొదటి సమావేశం వాళ్ళింట్లోనే పెట్టుకున్నారు. కుర్చీలు చాలకపోతే పక్కింటి నుంచి రెండు ఆమే మోసుకొచ్చింది. మోసుకొచ్చి, టీ పెట్టి, ఇచ్చి, వంటగది గుమ్మంలో నిలబడింది.

"ముఖ్యంగా రక్షణ" అన్నారు మేష్టారు. "సాయంత్రం పూట మగపిల్లలు, పెద్దవాళ్ళు నడకకి వస్తారు. ఆడవాళ్ళకి ఇబ్బంది. అందుకని వాళ్ళకంటూ ఒక వేళ పెడదాం. పదకొండు నుంచి నాలుగు."

"బాగుంది" అన్నాడు భర్త, రాసుకుంటూ.

"ఆ వేళలో ఎవరు వస్తారండీ?" అంది ఆమె గుమ్మంలోంచి. "నేను దుకాణంలో ఉంటాను. ఆయా ఆస్పత్రిలో ఉంటుంది. ఇంట్లో ఉన్నవాళ్ళకి అప్పుడే పని. పైగా ఎండ."

అందరూ ఆమెకేసి తిరిగారు, టీ కప్పు మాట్లాడినట్టు. మేష్టారు నవ్వారు. ఆయన నవ్వు మంచిదే, పిల్లల్ని దగ్గరికి పిలిచే నవ్వు. "మీ మంచికే కదమ్మా. మీరే ఆలోచించండి, ఏడింటికి ఆడవాళ్ళంతా బయట కూర్చుంటే ఇళ్ళల్లో పిల్లల చదువు ఎవరు చూస్తారు?"

"పిల్లలూ మాతోనే ఉంటారండీ."

"దానికేం తెలుసు మేష్టారూ" అన్నాడు భర్త. "రోజంతా అలిసిపోయి ఉంటుంది, ఏదో అంటుంది. మీరు కానివ్వండి."

అలిసిపోయి ఉంటుందని అతనికి తెలుసన్నమాట. ఆ సంగతి తెలిసే, ఆ ఖాళీ కప్పుల్ని ఆమె చేతికే ఇచ్చాడు. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ ఆమె తనలో తనే కొట్లాడింది. సీసాలేరినప్పుడు రక్షణ ఏమైంది? సూదులు పట్టకారుతో తీస్తున్నప్పుడు ఏ మగాడికీ మా రక్షణ గుర్తు రాలేదేం? ముళ్ళు గుచ్చుకుని ఆయా చెయ్యి వాచిపోతే ఎవరడిగారు? చెత్తలో ఉన్నంతసేపూ మేము క్షేమంగా ఉన్నట్టు, శుభ్రం చేశాక మాకు ప్రమాదం వచ్చిపడినట్టు. ఈ మాటలు మేష్టారి ముఖం మీద అనాల్సింది. అప్పుడు నోరు రాలేదు. అన్నీ అయిపోయి, సబ్బు నురగలో చేతులున్నప్పుడు వస్తాయి మాటలు. తన మీదా కోపం వచ్చింది. తన మీద వచ్చిన కోపమే ఎక్కువసేపు ఉంది.

నాలుగు రోజుల్లో గేటు పక్కన బోర్డు వేలాడింది. నీలం మీద తెల్లక్షరాలు. స్త్రీలకు ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు మాత్రమే. ఒక వాచ్‌మన్‌ని కూడా పెట్టారు, పెద్దాయన. ఏడింటికి ఆమె గేటు దాకా వెళ్తే మొహమాటపడుతూ బోర్డు చూపించాడు. "నన్నేమీ అనకండమ్మా. చెప్పమన్నది చెప్తున్నా." లోపల ఆమె బెంచీ మీద ముగ్గురు పేకాడుతున్నారు. ఆమె వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. పోయి వంట చేసింది. మర్నాడూ, ఆ మర్నాడూ అంతే. రెండు వారాలు అలాగే గడిచాయి. ఎవరైనా అడిగితే, పోనీలే, గొడవెందుకు అనేది.

ఒక సాయంత్రం కూతురు బంతి చంకలో పెట్టుకుని వెంటనే తిరిగొచ్చింది. "అబ్బాయిలు ఆడుకునే టైమట. నన్ను వెళ్ళిపొమ్మన్నారు."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? సరే అన్నాను." పిల్ల బంతిని మంచం కిందికి తోసి, పుస్తకం తెరిచింది. ఏడవలేదు, అలగలేదు. పన్నెండేళ్ళ పిల్ల. అంత తేలిగ్గా సరే అనడం ఎక్కడ నేర్చుకుందో ఆమెకి అడగనక్కర్లేకపోయింది. రెండు వారాలుగా ఇంట్లో నేర్పుతున్నది తనే.

ఆ ఆదివారం సాయంత్రం ఆరున్నర అవుతుండగా ఆమె కూరగాయలు తరుగుతోంది. భర్త హడావిడిగా వచ్చి నాలుగు కాగితాలు గట్టు మీద పెట్టి, ఆఖరి పేజీ తీసి, వేలితో చోటు చూపించాడు. "ఇక్కడొక సంతకం పెట్టు. వాళ్ళు పార్కులో ఎదురుచూస్తున్నారు."

"ఏంటిది?"

"ఏం లేదు. పార్కుని మునిసిపాలిటీ కమిటీకి అప్పగిస్తుంది. ఫైలు నీ పేరు మీద ఉందట, నీ సంతకం లేందే కదలదంటున్నాడు ఆ గుమాస్తా. ఏదో పద్ధతి. పెట్టెయ్."

ఆమె కత్తి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది, తుడుచుకుంది. కాగితాలు తీసుకుని, ముందుగదిలోకి వెళ్ళి, అతని కుర్చీలో కూర్చుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.

"అదంతా చదువుతావా?"

ఆమె పేజీ తిప్పింది. అతను గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో అతను పెట్టమన్న చోట ఆమె ఎన్ని సంతకాలు పెట్టిందో. ఏ కాగితమూ చదవలేదు. చదివితే నమ్మకం లేదనుకుంటాడని. అదే దుకాణంలో అయితే రసీదు మీద వేసే సంతకం కూడా చూసే వేస్తుంది. రెండో పేజీలో ఐదో అంశం దగ్గర ఆగింది. పార్కు వేళలను నిర్ణయించు, ప్రవేశమును నియంత్రించు సర్వాధికారములు కమిటీకి చెందును. మూడో పేజీలో ఇంకోటి. పార్కు శుభ్రత బాధ్యతను కాలనీ మహిళలు స్వచ్ఛందముగా నిర్వహింతురు. ఆ వాక్యాన్ని ఆమె మళ్ళీ చదివింది. తర్వాత పైకి చదివింది, గట్టిగా.

మంచం మీద పడుకున్న అత్తగారు తల తిప్పింది. "ఏమని? ఇంకోసారి చదువు."

చదివింది.

"స్వచ్ఛందం అంటే?"

"మనంతట మనమే ఇష్టపడి ఊడుస్తామని అత్తయ్యా. వేళ వాళ్ళది, ఊడ్చేది మనం."

"ఎవరు రాశార్రా ఇది?" అంది ముసలామె కొడుకుతో.

"మేష్టారు రాశారమ్మా. నువ్వుండు" అని అతను ఆమె వైపు తిరిగాడు. "చూడు, అవన్నీ రాతకోసం. ఎవరూ నిన్ను చీపురు పట్టమనట్లేదు. నా మాట మీద అక్కడ నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. నా పరువు తియ్యకు."

ఆమె లేచింది. కాగితాలు మడిచి పట్టుకుంది. "పదండి. వాళ్ళతోనే చెప్తాను." వెళ్తూ ఆయా ఇంటి కిటికీ దగ్గర ఆగి ఒక్క మాట చెప్పింది. ఆయా గొంతు సంగతి తెలిసిందే, మిగతావాళ్ళని ఆమె పిలవనక్కర్లేకపోయింది. గేటు దగ్గరికి చేరేసరికి వెనక ఏడెనిమిది మంది ఉన్నారు. టైలరక్క ఒరిగి నడుస్తూ అందరికన్నా వెనక. ఆవిడ పక్కన కర్రతో అత్తగారు, బామ్మ చెయ్యి పట్టుకుని కూతురు.

వాచ్‌మన్ బోర్డుకేసి చూశాడు, వాళ్ళకేసి చూశాడు, ఆఖరికి తన బూట్లకేసి చూసుకున్నాడు. వాళ్ళు లోపలికి నడిచారు.

బెంచీ మీద ఎప్పటిలాగే ముగ్గురు పేకాడుతున్నారు. మేష్టారు కలం మూత తీసి సిద్ధంగా ఉన్నారు. "రా అమ్మా, రా. మంచి పనికి నీ చేతి మీదుగా."

"సంతకం పెట్టనండి" అంది ఆమె. "ఇది పడితేనే కదా మీకు వేళలు పెట్టే అధికారం వచ్చేది? ఇంకా పడలేదు. మరి ఆ బోర్డు ఎవరిని అడిగి పెట్టారు?"

మందుల షాపాయన భర్త వైపు చూశాడు. "ఏంటయ్యా, ఇంట్లో మాట్లాడి వస్తానన్నావ్?"

"ఇంటికి పద" అన్నాడు భర్త తగ్గు గొంతుతో, పళ్ళ మధ్య నుంచి. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడితే నేను అలిసిపోయి ఏదో అంటున్నాననుకుంటారు. ఇక్కడే మాట్లాడదాం."

ఆయా అప్పటికే గేటు దగ్గరికి వెనక్కి వెళ్ళింది. బోర్డుని కొక్కెం నుంచి ఎత్తి, నింపాదిగా తెచ్చి, గోడకి అక్షరాలు అటు వైపు ఉండేలా ఆనించింది. "ఆస్పత్రిలో మనుషుల్నే ఎత్తుతా. ఇదెంత" అంది. ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వింది ఇస్త్రీ కొట్టాయన అని తర్వాత తెలిసింది.

మేష్టారు కలానికి మూత పెట్టారు. ఆయన ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు, నిజమైన విచారమే ఉంది. "సరే తల్లీ. నీ ఇష్టం. కానీ ఒక్కటి ఆలోచించు. కమిటీ లేకపోతే ఆర్నెల్లలో ఇది మళ్ళీ చెత్తకుప్ప అవుతుంది. అప్పుడెవరు చూస్తారు?"

"ఇన్నాళ్ళూ ఎవరు చూశారు?" అంది టైలరక్క.

"అదే నేనూ అంటున్నా. మీరే చూశారు, కాదనను. ఇకముందూ మీరే చూసుకుంటామని రాసివ్వండి. ఆ అధికారాలేవో మీకే రాయిద్దాం. ఊడవడం, నీళ్ళు పోయడం, అన్నీ మీరే."

ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఒప్పుకునేలాగే ఉన్నారు. ఒకామె అప్పుడే ఏ రోజు ఎవరి వంతో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆమెకి ఆ క్షణం భయం వేసింది, మేష్టారంటే కాదు, తమ మంచితనమంటే. ఇల్లు, దుకాణం, ఆస్పత్రి చాలనట్టు ఇంకో ఇల్లు నెత్తిన పెట్టుకుని, దాన్ని గెలుపనుకుని ఇంటికెళ్ళిపోతారు.

"లేదండి" అంది. "ఊడవడం మునిసిపాలిటీ పని. దానికి వాళ్ళకి జీతాలున్నాయి. రేపు మళ్ళీ దరఖాస్తు పెడతాను. రాకపోతే మళ్ళీ ఆ వరండాలోకి వెళ్తాం. కానీ చీపురు ఇక పట్టం."

మేష్టారికి నిజంగానే అర్థం కాలేదు. ఆయన ఆమెనీ, ఆమె వెనక నిలబడ్డ ఆడవాళ్ళనీ, కర్ర మీద వాలిన ముసలామెనీ, పిల్లనీ వరుసగా చూశారు.

"ఊడవరు. కమిటీ వద్దంటారు. మరి రోజూ సాయంత్రం ఇక్కడికొచ్చి మీరంతా ఏం చేస్తారమ్మా?"

పేకాడుతున్న ముగ్గురూ ఎప్పుడు లేచి పోయారో, బెంచీ ఖాళీగా ఉంది. ఆమె వెళ్ళి ఒక చివర కూర్చుంది.

"ఏమీ చెయ్యం మేష్టారూ" అంది.